నా తలలోని కేటలాగు

రాయ్‌పూర్ నుంచి మందిర్ హసౌద్ మీదుగా వెళ్తే, వరి పొలాల మధ్య ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. దాని లైబ్రరీలో నేను అటెండరుని. నాకు కూర్చోవడానికి ఒక స్టూలు ఇచ్చారు. స్టూలు పక్కనే చేతుల కుర్చీ, దాని వీపు మీద తెల్ల తువ్వాలు. ఆ కుర్చీ లైబ్రేరియన్ గారిది. లైబ్రేరియన్ గారు గోడ మీద ఉండేవారు, ఫొటోలో.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఈ ఏర్పాటు వింతగా ఉండవచ్చు. కాలేజీకి అనుమతి నిలవాలంటే డిగ్రీ ఉన్న లైబ్రేరియన్ ఉండాలి. డిగ్రీ ఉన్న మనిషిని రోజూ కూర్చోబెడితే రోజూ జీతం ఇవ్వాలి. అందుకని యాజమాన్యం డిగ్రీని ఫైల్లో ఉంచుకుని మనిషిని ఇంటికి పంపేసింది. నా విషయంలో మనిషిని ఉంచుకుని డిగ్రీ సంగతి వదిలేసింది. మా ఇద్దరినీ కలిపితే చట్టప్రకారం ఒక లైబ్రేరియన్ తయారయ్యేవాడు. అందులో రోజూ తాళం తీసే సగం నేను. ఆ కుర్చీ ఏదో ఒక రోజు నాదవుతుందని ఆరేళ్లు ఎదురుచూశాను.

ఆశపడడానికి కారణం ఉంది. నేను రాయ్‌పూర్‌లో రైల్వే వారి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పెరిగినవాణ్ని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాను. అది బోర్డు వారి అభిప్రాయం; నా అభిప్రాయం వేరు. బడి వదిలేశాక పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలనీ లైబ్రరీలో కూర్చునేవాణ్ని. హిందీ పుస్తకాలు, తెలుగు పుస్తకాలు, రోడ్లు వేయడం మొదలు తేనెటీగల దాకా ఏది దొరికితే అది చదివాను. తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉండేది. ‘న’ అక్షరంతో ఆగిపోయింది, మిగతా సంపుటాలు ఎవరో పట్టుకుపోయారు. అందుచేత ఆవిరి, ఇనుము, గోదావరి, చక్కెర, దంతాలు, నక్షత్రాలు వీటి మీద నన్ను ఎవరూ ఓడించలేరు. యంత్రాలు, విద్యుత్తు మాత్రం ఆ పోయిన సంపుటాల్లో ఉన్నాయి. విద్య కూడా అక్కడే ఉందట. ఈ అర్హతలతో నేను ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను.

మా కాలేజీ అధిపతికి తిల్దాలో రైస్ మిల్లులు ఉండేవి. అందరం సేఠ్ గారనే వాళ్లం. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం అయ్యాక కాలేజీలు పెడితే బాగుంటుందని ఆయనకి ఎవరో చెప్పారు. చదువుని ఆయన తనకి తెలిసిన పద్ధతిలోనే అర్థం చేసుకున్నారు: ఇటు వడ్లు పోస్తే అటు బియ్యం రావాలి, మధ్యలో చప్పుడు బాగా వినిపించాలి. లైబ్రరీలో ఇన్ని పుస్తకాలు ఉండాలని నియమం ఉందని తెలిసి, ఎక్కడో మూతపడిన లైబ్రరీల పుస్తకాలన్నీ గోనెసంచుల్లో తెప్పించారు. విప్పి చూస్తే యంత్రశాస్త్రంతో పాటు దంతవైద్యం, ఊరగాయలు, పక్షులు, చెరకు సాగు.

"దేఖో భాయ్, నువ్వు చదువుతావట కదా. సర్దెయ్," అన్నారు.

సర్దాను. ఎలా సర్దానో వింటే మీకు నవ్వొస్తుంది, అప్పట్లో నాకు గర్వం వచ్చింది. ఒక పుస్తకం చదివాక నా బుర్ర ఏ పుస్తకం వైపు వెళ్లిందో, దాన్ని దీని పక్కన పెట్టాను. పునాదుల పుస్తకం చదివాక పన్ను చిగుళ్లలో ఎలా నిలబడుతుందోనని అనుమానం వచ్చింది, కాబట్టి పునాదుల పక్కన పళ్లు. పళ్ల తర్వాత చక్కెర. చక్కెర తర్వాత చక్కెర మిల్లు, ఆ మిల్లులోంచి బాయిలర్లు. ఎవరికైనా బాయిలర్ల పుస్తకం కావాలంటే దంతవైద్యం దాటి, చక్కెర దాటి వెళ్లాలి. దారి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. కేటలాగు అనేది నా తలలో ఉంది.

పిల్లలు నన్ను పరీక్షించేవాళ్లు. "చాచా, కాంక్రీటు!" అని అరిచి గడియారం చూసేవాళ్లు. అర నిమిషం లోపల పుస్తకం బల్ల మీద ఉండేది. నాకు ‘సెర్చ్ ఇంజన్ చాచా’ అని పేరు పెట్టారు. నేను అది బిరుదుగా స్వీకరించాను.

లెక్చరర్ల సంగతి చెప్పక్కర్లేదు. నిరుడు ఆ బెంచీ మీద కూర్చున్నవాడు ఈ ఏడు ఆ బల్ల ముందు నిలబడి పాఠం చెప్పేవాడు. ఒకాయన రోజూ లావుపాటి పుస్తకం ఒకటి తీసుకుని, దాని మధ్యలో సన్నటి గైడు దాచుకుని వెళ్లేవాడు. లావు పుస్తకం ఏ రోజుకి ఏదైనా పరవాలేదు. ఒకసారి నేను పక్షుల పుస్తకం ఇచ్చాను. వంతెనల క్లాసుకి దాన్నే పట్టుకుని వెళ్లాడు. ఇలాంటి వాళ్ల మధ్య నాకు నేనే యూనివర్సిటీనని అనిపించడంలో తప్పేముంది?

ఆరో ఏట ఏప్రిల్లో తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. ఇలాంటి రోజులకి ప్రైవేటు కాలేజీల్లో ఒక పండగ ఆచారం ఉంది. పూలకుండీలు వస్తాయి. ల్యాబులోకి యంత్రాలు లారీలో వస్తాయి, సాయంత్రం అదే లారీలో వెళ్తాయి. ఫైళ్లలో ఉన్న ప్రొఫెసర్లు ఫైళ్లలోంచి దిగి వస్తారు. సేఠ్ గారు నన్ను పిలిచి చెప్పారు.

"తనిఖీ రోజు లైబ్రేరియన్ మేడమ్ వస్తారు, కుర్చీలో కూర్చుంటారు. నువ్వు అక్కడ కనిపించకూడదు. కనిపిస్తే పిల్లలంతా చాచా చాచా అని నీ వెనకే పడతారు, అసలు సంగతి బయటపడుతుంది. పంపు షెడ్డులో కూర్చో."

"మరి నా సంగతి, సేఠ్‌జీ?"

"ఈ తనిఖీ గట్టెక్కనీ. నిన్ను అసిస్టెంట్ లైబ్రేరియన్ని చేస్తాను. కుర్చీ వేయిస్తాను. మాటంటే మాటే."

చోటు చూసుకోవడానికి తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నమే మేడమ్ వచ్చింది. ముప్పై దాటని మనిషి, చేతిలో టిఫిన్ బాక్సు. వచ్చి గోడ మీద తన ఫొటో తనే చూసుకుంటోంది. నేను ర్యాకు వెనక నుంచి తెలుగులో గొణుక్కున్నాను. రాయ్‌పూర్లో ఆ సౌకర్యం ఉంది, తెలుగులో ఎవరినైనా ఏమైనా అనుకోవచ్చు. "ఆరేళ్లుగా ఫొటోకి దుమ్ము దులుపుతున్నాను. మొహం చూస్తే పుస్తకానికి ఎప్పుడూ చెయ్యి తగిలినట్టు లేదు."

"ఫొటోలో బాగా పడలేదండి," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "ఆ రోజు జలుబు."

నేను దుమ్ముగుడ్డతో నిలబడిపోయాను.

"మాది కాకినాడ వైపండి," అంది. "మా అమ్మ ఇక్కడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మీరు శ్రీకాకుళమా అన్నయ్యగారూ? గొణుగుడులో తెలిసిపోతోంది."

లైబ్రరీ సైన్సు డిగ్రీ చదివి, ఒక నర్సింగ్ హోమ్ కౌంటర్లో చీటీలు రాస్తోందట. చదివిన చదువుకి ఉద్యోగం దొరక్క డిగ్రీని అద్దెకిచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా. "డిగ్రీ ఇక్కడ, మనిషి అక్కడ. బాగుందమ్మా చదువు," అన్నాను.

"అవునండి. నాకు కాగితం ఉంది, కుర్చీ లేదు. మీకు స్టూలుంది, కాగితం లేదు. ఎవరిది బాగున్నట్టు?" అని, చుట్టూ చూసి అడిగింది, "కేటలాగు ఎక్కడండి?"

నేను వేలితో నుదురు తట్టి చూపించాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. టిఫిన్ బాక్సు బల్ల మీద పెట్టి ర్యాకుల మధ్య ఒకసారి మొత్తం నడిచి వచ్చింది. "అయ్య బాబోయ్. పళ్ల పక్కన పునాదులేంటండీ? రేపు వాళ్లు ఏదైనా అడిగితే నేనెలా తియ్యను? అడిగే వీలున్న ఓ పాతిక పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పండి, రాసుకుంటాను."

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పై అరలో ఉన్న గైడ్లు చూపించాను. అవి ఎవరైనా చూడగలరు. మిగతావి అడిగితే "చాలా ఉన్నాయమ్మా, ఎన్నని చెప్పను," అన్నాను. నాకు కావలసింది ఒకటే: రేపు ఆమెకి దొరక్కూడదు. దొరక్కపోతే నన్ను పిలవాలి. పిలిస్తే నేను వెళ్లాలి, డిగ్రీలున్న వాళ్లందరి ముందూ అర నిమిషంలో తీసి ఇవ్వాలి. ఈ దృశ్యం నేను అప్పటికే మనసులో చాలాసార్లు వేసుకుని చూశాను.

"మీరు రేపు ఉండరు కదండి?" అంది.

"ఉండను," అన్నాను, ఎంతో తృప్తిగా.

మర్నాడు పొద్దున్నుంచీ పంపు షెడ్డులో కూర్చున్నాను. మా తోటమాలి అక్కడే ఉంటాడు. ఛత్తీస్‌గఢ్ పల్లె మనిషి, సంతకానికి వేలిముద్ర. గిన్నెలో నీళ్లన్నం పెట్టుకుని పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ "తై ఇహా కాబర్ బైఠే హస్ గా?" అన్నాడు, నువ్విక్కడెందుకు కూర్చున్నావని.

"పిలుపు కోసం," అన్నాను.

"పెళ్లికొడుకులా తయారై వచ్చావు. పిలవకపోతే?"

"నేను లేకపోతే అక్కడ ఒక్క పుస్తకం కదలదు."

"ఓహో," అన్నాడు. ఇంతలో హాస్టల్ మేడ మీద నుంచి ఎవరో నీళ్లు రావడం లేదని కేక వేశారు. ఆయన చేతి నిండా అన్నం. "లేచి ఆ ఎర్రగుడ్డ కట్టిన వాల్వు తిప్పు," అన్నాడు. గోడ వెంబడి ఏడెనిమిది వాల్వులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక. ఎర్రగుడ్డది తిప్పాను. నీళ్లు పైకి వెళ్లిన చప్పుడు వినిపించింది. "నాకు జ్వరమొస్తే ఎవడో ఒకడు తిప్పాలి కదా, అందుకని కట్టాను," అన్నాడాయన అన్నం కలుపుకుంటూ. నేను పట్టించుకోలేదు. నా చెవులు లైబ్రరీ వైపు ఉన్నాయి.

పదకొండు దాటాక సేఠ్ గారి డ్రైవరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "చాచా, జల్దీ చలో! సేఠ్‌జీ మొహం ఎర్రగా ఉంది!"

నేను పరుగెత్తలేదు. ఆరేళ్లు నేను ఆగాను, వాళ్లు ఆరు నిమిషాలు ఆగలేరా? మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని వెళ్లాను.

ఏం జరిగిందో మేడమ్ తర్వాత చెప్పింది. బృందంలో పెద్దాయన పునాదుల మీద పుస్తకం అడిగాడు. ఆమె వెతికింది. గైడ్ల అరలో వెతికింది, సివిల్ పుస్తకాలున్నట్టు కనిపించిన చోట వెతికింది. సేఠ్ గారు దగ్గారు. చివరికి ఆమె వచ్చి, "సార్, ఇవి ఏ వరసలో ఉన్నాయో నాకు తెలియదు. తెలిసిన మనిషిని పంపు షెడ్డులో కూర్చోబెట్టారు," అని చెప్పేసింది. ఆ రోజు ఆ కాలేజీలో ఎవరైనా చెప్పిన మొదటి నిజం అదేనని నా అంచనా.

పెద్దాయన గొడుగు బల్లకి ఆనించి నిలబడి ఉన్నాడు. మందపాటి కళ్లద్దాలు. "మీరేనా పంపు షెడ్డు?" అన్నాడు హిందీలో.

"అవును సార్."

"పునాదులు."

మూడో వరుస దగ్గరికి వెళ్లి, చూడకుండా చెయ్యి పెట్టి తీశాను. ఆయన అందుకుని, ఖాళీలోకి తొంగిచూశాడు. "పక్కనున్నదేమిటి? పళ్లా?"

"రెండూ లోపల గట్టిగా పట్టుకుంటేనే నిలబడతాయి కదా సార్."

ఆయన గట్టిగా నవ్వాడు. "బాయిలర్లు?" తీశాను. "వంతెనలు? నీటి పంపులు?" తీశాను, తీశాను. గుమ్మం దగ్గర గుమిగూడిన పిల్లలు చప్పట్లు కొట్టారు. సేఠ్ గారి మొహం మామూలు రంగుకి వచ్చింది. మేడమ్ కుర్చీ పక్కన నిలబడి ఉంది, కూర్చోలేదు. నేను ఆమె వైపు చూడలేదు. చూడకపోవడం ఆ దృశ్యంలో భాగం.

అప్పుడు పెద్దాయన గుమ్మం దగ్గరున్న ఫైనలియర్ విద్యార్థిని లోపలికి పిలిచాడు. "నాలుగేళ్లుగా ఇక్కడున్నావు. ఉక్కు మీద ఒక పుస్తకం తియ్యి."

ఆ అబ్బాయి నా వైపు చూశాడు.

"ఆయన్ని చూడకు. ర్యాకులు చూడు."

అబ్బాయి వెళ్లాడు. పక్షుల దగ్గర ఆగాడు. ఊరగాయల దగ్గర మళ్లీ ఆగాడు. తిరిగొచ్చి, "సార్, మేం ఎప్పుడూ చాచానే అడుగుతాం," అన్నాడు. ఇంకో అమ్మాయిని పంపారు. ఆమెకీ దొరకలేదు. లావు పుస్తకం లెక్చరరుని పంపారు. ఆయన పై అరలోంచి గైడు పట్టుకొచ్చాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, అదే ఇబ్బంది. "ఇక్కడ ఎవ్వరూ ఒక్కసారి కూడా తీసుకెళ్లని పుస్తకాలు ఎన్ని ఉంటాయి?"

"సగం పైనే ఉంటాయి సార్." ఇలాంటివి నాకు బాగా తెలుసు.

"ఎందుకని?"

"ఎవరూ అడగలేదు సార్."

"ఉన్నాయని తెలిస్తే కదా అడగడానికి. మీరెక్కడ చదువుకున్నారు?"

ఈ ప్రశ్న కోసం నేను ముప్పై ఏళ్లుగా సిద్ధంగా ఉన్నాను. "మా కాలనీ లైబ్రరీలో సార్. స్వయంగా."

"అక్కడ మీకు పుస్తకాలు ఎవరు తీసి ఇచ్చేవారు?"

"ఎవరూ లేరు సార్. ర్యాకుల మధ్య తిరిగి నేనే..."

 ఆయన కాసేపు చూసి, నేను వాక్యం పూర్తి చెయ్యనని తెలుసుకుని, కాగితం మీద రాసుకున్నాడు.

మా కాలనీ లైబ్రరీలో ఒక ముసలాయన ఉండేవాడు. ఎప్పుడు చూసినా జిగురు గిన్నె ముందు పెట్టుకుని పుస్తకాల వీపుల మీద అంకెల చీటీలు అంటించేవాడు. నేను ఆయన్ని జిగురు అంటించే ఉద్యోగి అనుకున్నాను. రోడ్ల పుస్తకం చదివితే దాని పక్కనే రోడ్ల పుస్తకాలు ఇంకో నాలుగు ఉండేవి, అది నా తెలివి అనుకున్నాను. గురువు లేకుండా చదివానని అందరికీ చెప్పుకున్నానే, ఆయన పేరు కూడా అడగలేదు.

తనిఖీ నివేదిక వచ్చింది. మూడు నెలల్లో కేటలాగు తయారవ్వాలి, డిగ్రీ ఉన్న లైబ్రేరియన్ రోజూ కూర్చోవాలి, లేకపోతే ఆ ఏడు అడ్మిషన్లు ఉండవు. సేఠ్ గారు నన్ను పిలిచారు. కుర్చీ ఊసెత్తలేదు.

"నీ తలకాయ నా కాలేజీకి అడ్డం పడింది. అందులో ఉన్నదంతా మేడమ్‌కి చెప్పి కాగితం మీద పెట్టించు."

"ఆ తర్వాత, సేఠ్‌జీ?"

"తర్వాత చూద్దాం."

మిల్లు యజమాని ‘తర్వాత చూద్దాం’ అంటే ఊక గురించి మాట్లాడుతున్నాడని అర్థం. బియ్యం బస్తాలోకి వెళ్లాక ఊకని ఎవరు చూస్తారు? నేను ఇంటికి వచ్చి ఆలోచించాను. తలలో ఉన్నది ఇచ్చేస్తే నన్ను ఉంచుకునే అవసరం వాళ్లకి లేదు. ఇవ్వకపోతే మేడమ్ ఉద్యోగం పోతుంది, కాలేజీకి తాళం పడుతుంది. నేను తెలివైన వాణ్ని కాబట్టి మధ్యేమార్గం ఎంచుకున్నాను: కొంచెం ఇచ్చి కొంచెం దాచడం.

మేడమ్ నర్సింగ్ హోమ్ మానేసి రోజూ రావడం మొదలుపెట్టింది. కంప్యూటరు వస్తుందన్నారు. తనిఖీ రోజున బల్ల మీద కనిపించినది లారీలో వెళ్లిపోయింది కాబట్టి అట్టకార్డులతో మొదలుపెట్టాం. నేను పుస్తకం తీసి చెప్పడం, ఆమె కార్డు రాసి నంబరు వెయ్యడం. అరకి నాలుగైదు చొప్పున చెప్పకుండా జారవిడిచాను. వారం తిరక్కుండా పట్టేసింది.

"అన్నయ్యగారూ, నిన్న ఈ అరకి ముప్పై రెండు కార్డులు రాశాం. అరలో చూస్తే ముప్పై ఏడున్నాయి. ఆ అయిదూ మీకు చుట్టాలా?"

"మర్చిపోయానమ్మా."

"మీరు మర్చిపోవడమా?" అని కలం మూసింది. "మా అమ్మ నర్సని చెప్పాను కదండి. డ్యూటీ దిగేటప్పుడు ఏ మంచం మీద ఎవరు, ఏ మందు ఎప్పుడు ఇచ్చింది, అంతా రాసి, తర్వాత వచ్చే ఆమెకి అప్పగించాకే ఇంటికి వచ్చేది. ఒక్కోసారి మాకు అన్నం ఆలస్యమయ్యేది. ‘అన్నీ నీకు గుర్తుంటాయి కదమ్మా, రాయడమెందుకు,’ అని గొడవ చేసేదాన్ని. ‘నాకు గుర్తుండి నేను ఇంటికొచ్చి పడుకుంటే, పొద్దున్నకి అక్కడ మనిషి పోతాడే,’ అనేది."

 నేను లేచి ఆ అయిదు పుస్తకాలూ తీసి బల్ల మీద పెట్టాను. మర్నాడు నీళ్ల కోసం పంపు షెడ్డు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రంగు గుడ్డపీలికల ముందు చాలాసేపు నిలబడ్డాను. తోటమాలి "ఏమిటి, మళ్లీ పిలుపు కోసమా?" అన్నాడు.

ఆ తర్వాత ఏదీ దాచలేదు. కానీ పునాదులని పళ్ల దగ్గర నుంచి విడదీస్తుంటే మాత్రం ఓర్చుకోలేకపోయాను. "ఇవి కలిసి ఉండాలమ్మా. వీటికి సంబంధం ఉంది," అన్నాను.

"ఎవరికండి ఆ సంబంధం?"

"నాకు."

"మీరు లేనప్పుడు?"

ఒక రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే గొప్ప ఉపాయంతో వచ్చాను. పుస్తకాలు వాటి వాటి వరసల్లోనే ఉంటాయి. కానీ పునాదుల కార్డుల వెనక ఇంకో కార్డు పెడతాం, ‘దంతాలు కూడా చూడండి’ అని. పిల్లవాడు ఇష్టమైతే వెళ్తాడు, లేకపోతే మానేస్తాడు. ప్రపంచంలో ఎవరికీ తట్టని ఆలోచన అని ఆమెకి వివరించాను. ఆమె ఓపిగ్గా అంతా విని, సంచీలోంచి తన డిగ్రీ పాఠ్యపుస్తకం తీసి, అయిదో పాఠం తెరిచి ముందు పెట్టింది. ఆ కార్డుకి అందులో పేరుంది, నమూనా ఉంది, ఎక్కడ పెట్టాలో బొమ్మ కూడా ఉంది.

బడి మానేసి సొంతంగా చదువుకుంటున్న వాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెబుతున్నాను: మనం రాత్రంతా మేలుకుని కనిపెట్టేవి చాలావరకు ఎవరో అయిదో పాఠంలో రాసిపెట్టి ఉంటారు. చదువుకున్నవాళ్లు కూడా నవ్వకండి. ఆ కార్డులు ఎలా రాయాలో ఆ పుస్తకంలో ఉంది కానీ వాటి మీద ఏం రాయాలో లేదు. మేడమ్ ఖాళీ కార్డుల కట్ట నా ముందుకి తోసి, "ఇవి మీరు రాయండి. నా వల్ల కాదు," అంది. రాశాను. కొన్ని వందలు రాశాను. కొన్నిటిని చూసి ఆమె తల పట్టుకుంది. కొన్నిటిని చింపేసింది. చాలావాటిని ఉంచింది.

మూడు నెలలకి పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి నన్ను పంపు షెడ్డుకి పంపలేదు. ఒక ఫస్టియర్ అమ్మాయిని పిలిచి పుస్తకం అడిగాడు. ఆమె సొరుగు లాగి, కార్డు చూసి, నంబరు గొణుక్కుంటూ వెళ్లి పట్టుకొచ్చింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కాలేజీ నిలబడింది.

సేఠ్ గారు సంతోషంలో ఉండగా మేడమ్ వెళ్లి నా గురించి అడిగింది. అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకి పదో తరగతి ఉండాలి, ఈసారి మాత్రం కాగితాలు సరిగ్గా ఉండాలి, ఏడాది గడువు ఇస్తానన్నారాయన. ఆరేళ్లు నిజాయితీ లేకుండా గడిపిన కాలేజీకి సరిగ్గా నా దగ్గరికి వచ్చేసరికి నిజాయితీ పట్టుకుంది.

నలభై ఎనిమిదో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాను. లెక్కలు మేడమ్ నేర్పింది, మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల దగ్గర. "మీకు లెక్కలు రాకపోవడం కాదండి, మెట్లు రాయరు. జవాబు ఎలా వచ్చిందో ఎదుటివాడికి చూపించాలి కదా," అనేది. లెక్కల్లో పాసయ్యాను. నేను తప్పింది హిందీలో.

ఆ ప్రశ్నపత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొదటి ప్రశ్న: గ్రంథాలయం వల్ల ఉపయోగాలు, ఇరవై వాక్యాలకు మించకుండా రాయండి. నేను కలం పెట్టాను. జిగురు గిన్నె ముసలాయన దగ్గర మొదలుపెట్టి, రంగు గుడ్డల మీదుగా, నర్సుల అప్పగింతల దాకా వచ్చాను. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగి తీసుకున్నాను. ముగింపుకి వస్తున్నాననగా గంట కొట్టారు. మిగతా ప్రశ్నలన్నీ అలాగే తెల్లగా ఉన్నాయి.

ఫలితం చూసి మా ఆవిడ, "ఇంటికొస్తే లైబ్రరీయే, పరీచ్చకెల్తే లైబ్రరీయేనేటి! ఆ మిగతా పెస్నలు నీకేం అన్నేయం సేసినాయి?" అంది. బోర్డు వారితో ఈసారి నాకు అభిప్రాయభేదం లేదు.

ఏడాది గడువు అయిపోయింది. అసిస్టెంట్ కుర్చీలోకి డిగ్రీ ఉన్న కుర్రవాడు ఒకడు వచ్చాడు, మంచివాడే. నన్ను తీసెయ్యకుండా మేడమ్ అడ్డుపడింది. స్టూలు ఎత్తి గుమ్మం దగ్గర వేశారు. బయటికి వెళ్లేవాళ్ల బ్యాగులు విప్పి, ఇష్యూ ముద్ర లేని పుస్తకాలు వెళ్లకుండా చూడడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. నన్ను ఎవరూ ఏ పుస్తకమూ అడిగేవాళ్లు కాదు. ర్యాకుల మధ్య పిల్లలు తిరుగుతుండేవాళ్లు. కొందరు నేల మీదే కూర్చుని చదువుకునేవాళ్లు. నేను దూరం నుంచి చూస్తూ ఉండేవాణ్ని, లోపలికి వెళ్లి సర్దాలని చేతులు దురదపెట్టేవి.

అలా కూర్చున్న మొదటి ఏడులోనే, ఒక సాయంత్రం ఎలక్ట్రానిక్స్ చదివే అమ్మాయి ఒకతె బస్సుకి టైమైందని హడావిడిగా వచ్చి బ్యాగు తెరిచి పట్టుకుంది. లోపల గబ్బిలాల మీద పుస్తకం. ముద్ర చూశాను. ఆ పుస్తకం ఆ లైబ్రరీ నుంచి బయటికి వెళ్లడం అదే మొదటిసారి.

"ఎలక్ట్రానిక్స్ కదమ్మా నీది? గబ్బిలాలెందుకు?"

"రాడార్ల గురించి వెతుకుతున్నా అంకుల్. గబ్బిలాలు చీకట్లో ఎలా ఎగురుతాయో తెలిస్తే అది అర్థమైపోతుంది," అంది, నాకు బోధపడేలా నెమ్మదిగా.

"ఎవరు చెప్పారు? సారా?"

"సార్లకేం తెలుసు అంకుల్!" అని నవ్వింది. "ఎవరూ చెప్పలేదు. నాకే తట్టింది."

రాడార్ల సొరుగులో, ఆ విషయం మీదున్న చివరి కార్డు వెనక, కొంచెం వంకరగా ఉన్న అక్షరాలతో ఒక కార్డు ఉంటుంది. ఆ రాత మేడమ్‌ది కాదు. ఆ అమ్మాయి గర్వంగా నిలబడి ఉంది, బస్సు హారన్ కొడుతోంది. నేను జిప్పు వేసి బ్యాగు చేతికిచ్చాను.